నిద్రపుచ్చే మనిషికే నేర్పాలి: మూడేళ్ల పాప పళ్ల కేసు

హైదరాబాద్‌లో సాగర్ రింగ్ రోడ్డుకు దగ్గర్లో నా క్లినిక్. నేను పిల్లల పళ్ల డాక్టర్‌ని. నల్గొండ జిల్లాలోని దేవరకొండ, మర్రిగూడ, చింతపల్లి వైపు నుంచి పని కోసం వచ్చి ఈ చుట్టుపక్కల స్థిరపడ్డ కుటుంబాలు నా దగ్గరికి ఎక్కువగా వస్తుంటాయి. ఈ కేసు అలాంటి ఒక ఇంటిది. తల్లిదండ్రుల అనుమతితో రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టేలా చేసే వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

పాప వయసు 3 ఏళ్ల 4 నెలలు. తల్లి, నానమ్మ కలిసి తీసుకొచ్చారు. "ముందు పళ్లు అరిగిపోతున్నాయి మేడమ్" అంది తల్లి. ఈ మాట నేను తరచూ వింటాను. నిజానికి అవి అరగడం లేదు. పుచ్చి, మెత్తబడి, అంచుల నుంచి కొంచెం కొంచెంగా విరిగిపోతున్నాయి. రోజూ చూసే కళ్లకు అది అరుగుదలలాగే కనిపిస్తుంది. కొన్ని వారాలుగా పాప మురుకులు, జామకాయ ముక్కలు కొరకడం మానేసింది. అన్నం ఒక పక్కనే నములుతోంది. రాత్రి లేచి ఏడుస్తోంది. ఏడ్చినప్పుడల్లా పాల సీసా నోట్లో పెడుతున్నారు. అది చప్పరిస్తూ పడుకుంటోంది.

కుర్చీ ఎక్కనంటే ఎక్కనంది. ఈ వయసు పిల్లలకు కుర్చీ అవసరం కూడా లేదు. నానమ్మా నేనూ మోకాళ్లు ఆనేలా ఎదురెదురుగా కూర్చున్నాం. పాప కాళ్లు ఆమె నడుముకు అటూ ఇటూ, తల నా ఒళ్లో. పాప ఏడ్చింది. ఏడ్చే పిల్ల నోరు బాగా తెరుస్తుంది కాబట్టి చూడాల్సినవన్నీ చూడగలిగాను.

పై ముందు పళ్లు నాలుగూ పుచ్చాయి. మధ్య రెండూ సగానికి పైగా విరిగిపోయాయి. వాటిలో ఎడమ దాని పైన చిగురు మీద ఆవగింజంత చీము పొక్కు ఉంది, అంటే లోపలి నరం చచ్చిపోయింది. పై దవడలో మొదటి దంతాలు (కోరపళ్ల వెనక ఉండే నమిలే పళ్లు) రెండూ నమిలే వైపు గుంటలు పడ్డాయి. కింది మొదటి దంతాల్లో అప్పుడే మొదలవుతోంది. కోరపళ్ల మీద చిగురు అంచు వెంట సుద్దతో గీసినట్టు తెల్లటి గీతలు. కింది ముందు పళ్లు నాలుగూ మాత్రం చెక్కుచెదరలేదు.

ఈ చివరి సంగతే అసలు కారణాన్ని పట్టిస్తుంది. సీసా చప్పరించేటప్పుడు నాలుక ముందుకు వచ్చి కింది పళ్లను కప్పుతుంది. నాలుక కింది గ్రంథుల నుంచి ఊరే లాలాజలం వాటిని కడుగుతూనే ఉంటుంది. పాలన్నీ పై పళ్ల చుట్టూ నిలుస్తాయి. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, మింగడమూ తగ్గుతుంది. చక్కెర కలిపిన పాలు పంటి మీద గంటల తరబడి అలాగే ఉండిపోతాయి. పై ముందు పళ్లు పుచ్చి కింది ముందు పళ్లు బాగుంటే, నేను మొదట అడిగేది రాత్రి సీసా గురించే.

తల్లి ఒక బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్‌లో పని చేస్తుంది. ఇల్లు చేరేసరికి రాత్రి పది అవుతుంది. తండ్రి క్యాబ్ నడుపుతాడు. పొద్దున పాప నోరు కడిగేది, తినిపించేది, మధ్యాహ్నం జోకొట్టేది, రాత్రి పక్కలో వేసుకునేది అంతా నానమ్మే. అందుకే నా కుర్చీ ఆమె ఎదురుగా వేసుకున్నాను. పిల్లల పళ్ల జాగ్రత్తలు ఎక్కువగా తల్లికే చెప్పి పంపిస్తుంటారు. ఆమె శ్రద్ధగా వింటుంది, తలూపుతుంది. రాత్రి తొమ్మిదికి పిల్ల నిద్రకు ఏడిస్తే ఎత్తుకునే మనిషి ఆ గదిలో లేకపోతే ఆ మాటలు ఇంటికి చేరవు. ఈ వయసులో అలవాటు నేర్పాల్సింది పిల్లకు కాదు, పిల్లను నిద్రపుచ్చే మనిషికి. ఈ కేసులో మేం చేసిన పనంతా ఈ ఒక్క సంగతి మీదే నడిచింది.

చింతగింజల లెక్క

పాప ఏమేం తింటుందో మూడు రోజులు రాసి తెమ్మని అడగడం మా పద్ధతి. అందులో ఒకటి ఆదివారం అయ్యుండాలి. నానమ్మకు రాయడం రాదు. తల్లి ఇంట్లో ఉండదు. అందుకని ఒక గ్లాసు పెట్టుకొని, పాప నోట్లో తీపి పడ్డ ప్రతిసారీ అందులో ఒక చింతగింజ వేయమన్నాను. పాలైనా, బిస్కెట్ అయినా, దగ్గు మందైనా సరే. ఎంత తిన్నదీ ముఖ్యం కాదు, ఎన్నిసార్లు అన్నదే కావాలి అని చెప్పాను.

ఆమె మూడు చిన్న మూటలు కట్టి తెచ్చింది. శుక్రవారం 11. శనివారం 9. ఆదివారం 14.

సెలవు రోజు ఎక్కువ కావడం చూసి తల్లి ఆశ్చర్యపోయింది. వారమంతా పాపతో గడపలేని అమ్మానాన్నలు ఆ ఒక్క రోజు ఏదో ఒకటి కొనిపెడుతూ ఉంటారు. ఇందులో తప్పు వెతకాల్సింది ఏమీ లేదు, అది ప్రేమే. చాలా ఇళ్లలో ఆదివారం మూటే పెద్దదిగా ఉంటుంది. కాబట్టి ఈ లెక్క ఎప్పుడు తీయించినా ఆదివారం కలిపి తీయించాలి.

ఆ గింజలను టేబుల్ మీద పరిచి విషయం చెప్పాను. తీపి నోట్లో పడ్డ కొద్ది నిమిషాలకే పంటి మీది పాచిలో ఉండే సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే లెక్క, ఆమ్లం పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) 5.5 కంటే కిందికి దిగితే పంటి గట్టి పైపొర ఎనామెల్ నుంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్లీ మామూలు స్థితికి తేవడానికి అరగంటో, ఇంకా ఎక్కువో పడుతుంది. ఆ తర్వాత దొరికే ఖాళీలోనే పన్ను పోగొట్టుకున్న ఖనిజాన్ని తిరిగి కొంత రాబట్టుకుంటుంది. నానమ్మకు పీహెచ్ గురించి చెప్పలేదు. "ఒక్కో గింజకు అరగంట సేపు పన్ను కరుగుతుందమ్మా" అన్నాను. ఆమె ఆదివారం మూటను చేత్తో పక్కకు జరిపి, "అంటే పొద్దంత కరుగుతనే ఉన్నదన్నట్టు" అంది.

తీపి మానేయమని నేను ఏ ఇంట్లోనూ చెప్పను. బడిలో పుట్టినరోజు చాక్లెట్లు ఉంటాయి, సంక్రాంతికి అరిసెలు ఉంటాయి. వద్దంటే దొంగచాటుగా తింటారు. అన్నం తిన్న వెంటనే తినమనండి, మధ్యలో వద్దు అని చెబుతాను. అదే చాక్లెట్ భోజనంతో కలిసిపోతే దానికి వేరే గింజ పడదు. రోజుకు నాలుగు గింజలు దాటకూడదని మేం ముగ్గురం ఒప్పందం చేసుకున్నాం.

"పాలపండ్లే గదా డాక్టరమ్మా, ఊసిపోయేటియే" అని నానమ్మ అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి నిజమే. నమిలే పాలదంతాలు మాత్రం 10 నుంచి 12 ఏళ్ల దాకా ఉండాలి. ఈ పాప వాటితో ఇంకో ఏడెనిమిదేళ్లు అన్నం తినాలి. వాటి వేళ్ల కిందే శాశ్వత దంతాలు తయారవుతుంటాయి కాబట్టి పైన చీము పడితే కింది పంటికి దెబ్బ తగలొచ్చు. ముందే తీసేయాల్సి వస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరిగి, కొత్త పన్ను రావడానికి చోటు ఉండదు.

ఫ్లోరైడ్ భయం

అసలు కష్టం పేస్టు దగ్గర వచ్చింది.

"ఇండ్ల ఫ్లోరైడ్ ఉన్నదా?" అని అడిగింది నానమ్మ.

"ఉందమ్మా."

"అయితే వద్దు. ఆ నీళ్లు తాగి మా ఊర్ల మనుషులు వంకర్లు పోయిండ్రు. మా అక్క నడుము వంగి మళ్ల లేవలే. ఇప్పుడు అదే తెచ్చి ఈ బిడ్డ నోట్ల పెట్టాల్నా?" అంటూ తన పై పెదవిని వేళ్లతో పైకి లాగి చూపించింది. పళ్ల మీద అడ్డంగా గోధుమ రంగు చారలు, అక్కడక్కడా సన్నటి గుంటలు. ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్ ఎలా ఉంటుందో కాలేజీలో ఫొటోలు చూసి నేర్చుకున్నాం మేం. ఆమె తన నోట్లోనే మోస్తోంది.

నల్గొండ జిల్లా మనిషి ఈ మాట అంటే దాన్ని అపోహ అని కొట్టిపారేయడం అన్యాయం. అక్కడి గ్రానైట్ రాళ్ల నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలాల్లోకి దిగింది. తరాల తరబడి ఆ బోరు నీళ్లే తాగి పళ్లు, ఎముకలు, నడుములు పోగొట్టుకున్న ఊళ్లున్నాయి. ఈ భయానికి కారణం ఉంది. కాబట్టి జవాబు కూడా కొలతలతోనే చెప్పాలి.

తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రామ్ ఫ్లోరైడ్ వరకు ఉండొచ్చని, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని మన దేశ ప్రమాణం. లీటరుకు 5 మిల్లీగ్రాములున్న నీళ్లను ఒక మనిషి రోజుకు 3 లీటర్లు తాగాడనుకుంటే 15 మిల్లీగ్రాములు ఒంట్లోకి పోయినట్టు. అదీ ప్రతిరోజూ, ఏళ్లకు ఏళ్లు. ఇక పేస్టు సంగతి. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాటకూడదని నియమం ఉంది. అంటే గ్రాము పేస్టుకు 1 మిల్లీగ్రామ్. బియ్యపు గింజంత పేస్టు బరువు సుమారు గ్రాములో పదో వంతు. దాంట్లో ఉండేది 0.1 మిల్లీగ్రామ్. రెండు పూటలా తోమి, పాప మొత్తం మింగేసినా 0.2. పైగా నీళ్ల దారి మింగడం, పేస్టు దారి పంటి మీద పూయడం. పూసినప్పుడు అది పంటి పైపొరలోనే పని చేసి, కరిగిన చోట ఖనిజం తిరిగి చేరడానికి సాయపడుతుంది.

ఇదంతా చెప్పి, బ్రష్ మీద పేస్టు పెట్టి, పక్కనే నిజంగా ఒక బియ్యపు గింజ ఉంచాను. టీవీ ప్రకటనల్లో బ్రష్ పొడవునా పేస్టు వంపులు తిరిగి ఉంటుంది. అలా పెట్టాలని చాలామంది నమ్ముతారు. చిన్నపిల్లల విషయంలో నిజమైన ప్రమాదం అక్కడుంది. 3 ఏళ్లలోపు వాళ్లకు బియ్యపు గింజంత, 3 నుంచి 6 ఏళ్ల వాళ్లకు బఠాణీ గింజంత అని సాధారణ లెక్క. ఈ పాపకు 3 నిండినా ఉమ్మడం రాదు, ఇంట్లో ఆ భయమూ ఉంది, అందుకని బియ్యపు గింజ దగ్గరే ఆగాం. పేస్టు ట్యూబు నానమ్మ బీరువా పై అరలో ఉంటుంది, ఆమె తప్ప ఎవరూ పెట్టకూడదు అన్నది ఆమె పెట్టిన షరతు. మంచి షరతు. వేరే ఇళ్లకు కూడా ఇప్పుడు అదే చెబుతున్నాను.

నీళ్ల గురించి కూడా అడిగాను. ఇక్కడ క్యాన్ నీళ్లు తాగుతారు. ఊళ్లో ఇప్పుడు మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నల్లా వస్తోంది. సెలవులకు వెళ్లినప్పుడు బోరు నీళ్లు పాపకు పట్టొద్దని గట్టిగా చెప్పాను. శాశ్వత దంతాలు పుట్టినప్పటి నుంచి ఆరేడేళ్ల దాకా దవడ లోపల తయారవుతూనే ఉంటాయి. మచ్చలు పడేది ఆ వయసులోనే. ఇంకా బోరు నీళ్ల మీదే ఆధారపడ్డ కుటుంబం వస్తే, ముందు నీళ్లు పరీక్ష చేయించి ఆ తర్వాతే పేస్టు మాట మాట్లాడతాను.

సీసా మానిన తీరు

నా పథకం మామూలుదే. మొదటి వారం పాలలో చక్కెర తగ్గించుకుంటూ పోవాలి. తర్వాత రాత్రి సీసాలో నీళ్ల వాటా పెంచాలి. చివరికి నీళ్లే మిగలాలి. పాలు రాత్రి ఎనిమిదికి, అన్నం తిన్నాక, స్టీలు గ్లాసుతో ఇవ్వాలి. తర్వాత బ్రష్. బ్రష్ అయ్యాక పొద్దున దాకా మంచినీళ్లు తప్ప ఇంకేమీ లేదు.

చక్కెర తగ్గించడం బాగానే సాగింది. నీళ్లు కలిపేసరికి పాప పట్టేసింది, సీసా విసిరికొట్టింది. నానమ్మకు టెన్షన్ పట్టుకుంది, పాలు తాగక బిడ్డ చిక్కిపోతుందేమో అని. మూడేళ్ల పిల్లకు రాత్రిళ్లు పాలు అక్కర్లేదని, పగలు తినే అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు సరిపోతాయని చెప్పాను. నిజానికి రాత్రి పాలు మానేశాక పిల్లలకు పొద్దున బాగా ఆకలేస్తుంది.

సీసా పోయింది మాత్రం నా పథకంతో కాదు. దసరాకు ఊరికి వెళ్లినప్పుడు వాళ్ల పాలివాళ్ల ఇంట్లో తల్లి చచ్చిపోయిన మేకపిల్లకు సీసాతో పాలు పడుతున్నారట. నానమ్మ పాపను అక్కడికి తీసుకెళ్లి, "దీనికి అమ్మ లేదు బిడ్డా, నీ సీసా ఇస్తవా?" అని అడిగిందట. పాప తన చేత్తోనే ఇచ్చేసింది. రెండు రాత్రులు ఏడ్చింది. "సీసా ఏది?" అని అడిగితే "మేకపిల్ల దగ్గరున్నది" అని తనే జవాబు చెప్పుకుంది. మూడో రాత్రి నుంచి నానమ్మ వీపు నిమిరితే చాలు, నిద్రపోయింది. దాచేయడం, కారం పూయడం, భయపెట్టడం ఏదీ చేయలేదు. పిల్ల తన ఇష్టంతో వదిలిపెట్టింది కాబట్టి మళ్లీ అడగలేదు.

భయపెట్టడం గురించి ఒక మాట. "ఏడిస్తే డాక్టర్ సూది పొడుస్తది" అనే మాట ఇంట్లో ఎవరూ అనకూడదని మొదటి రోజే అడిగాను. ఆ మాట విని వచ్చిన పిల్ల నోరు తెరిపించడానికి నాకు నెలలు పడుతుంది.

తోమడం

నిలబెట్టి, ఎదురుగా ఉండి తోమితే మూడేళ్ల పిల్ల తల వెనక్కి లాక్కుంటుంది, పై పళ్లు కనిపించవు. పడుకోబెట్టి తోమాలి. ఈ భంగిమను నానమ్మకు వివరించాల్సిన పని పడలేదు. పసిపిల్లలకు కాళ్లు చాపుకొని కాళ్ల మీద పడుకోబెట్టి నలుగు పెట్టి నీళ్లు పోసిన చేతులవి. "నీళ్లు పోసినట్టే అమ్మా, కాకపోతే తల మీ ఒడి వైపు" అన్నాను. చాప మీద కూర్చుని, పాప తలను తొడల మధ్య ఆనించుకుని, ఎడమ చూపుడు వేలితో పై పెదవిని ఎత్తిపట్టుకుంది. ఒక్కసారి చూపిస్తే వచ్చేసింది.

చిన్న తల, మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్. చిగురూ పన్నూ కలిసే చోట సన్నగా గుండ్రంగా తిప్పాలి. పాచి పేరుకునేది ఆ అంచునే. తర్వాత నోరు పుక్కిలించక్కర్లేదు, మిగిలిన నురుగు తడిగుడ్డతో తుడిస్తే చాలు. పుక్కిలిస్తే పని చేయాల్సిన పేస్టు కొట్టుకుపోతుంది. ఇది విని పెద్దవాళ్లు ఇబ్బంది పడతారు, నోట్లో పేస్టు ఉంచుకోవడమేంటని. బియ్యపు గింజంతే కదా పెట్టింది అని గుర్తుచేస్తాను.

కొన్ని వారాల తర్వాత పాచిని గులాబీ రంగులో చూపించే ద్రావణం పూసి చూశాను. ముందు పళ్లు శుభ్రం. ఎడమ పై దవడలో వెనక దంతాలకు బుగ్గ వైపు మాత్రం చిక్కగా రంగు పట్టింది. నోరు పూర్తిగా తెరిపించి తోముతోంది ఆమె. నోరు బాగా తెరిస్తే బుగ్గ బిగుసుకుపోతుంది, బ్రష్‌కు సందు దొరకదు. సగం మూయించి, బుగ్గను వేలితో కొంచెం బయటికి లాగి, అప్పుడు బ్రష్ పెట్టమన్నాను. బ్రష్ లోపలికి జారగానే నానమ్మ నా వైపు చూసి నవ్వింది. పెద్దవాళ్లు తమ పళ్లు తోముకునేటప్పుడు కూడా ఇది చేసి చూడొచ్చు.

ఏడుపు ఆపడానికి ఆమె ఒక్కో పన్నూ లెక్కపెడుతూ తోమింది. పాప 20 దాకా అంకెలు అక్కడే నేర్చుకుంది.

రెండు పూటలా తోమాలని అందరికీ తెలుసు. ఇంట్లో కుదరక ఒక్క పూటే గట్టిగా సాధించగలమంటే, నేను రాత్రిదే ఎంచుకుంటాను. పొద్దున బ్రష్ పాప చేతికే ఇచ్చేయమన్నాను. నానమ్మ వేపపుల్ల నములుతుంటే పక్కన కూర్చుని ఆడుకుంటూ తోముకుంటుంది. అది సరదా కోసం. రాత్రిది పెద్దవాళ్లు చేయాల్సిన పని, అదీ ఏడెనిమిదేళ్లు వచ్చే దాకా. బూట్ల లేసులు తనంతట తాను కట్టుకోలేని చేతికి వెనక పళ్లు తోమడం రాదు. ఆదివారం రాత్రి మాత్రం ఆ పని తండ్రిది.

మేం చేసిన వైద్యం

దీన్ని క్లుప్తంగా చెబుతాను. చీము పట్టిన పన్ను తీసేశాం. అంతకు ముందు కొన్నిసార్లు ఊరికే పిలిచి, అద్దం చూపించి, గాలి ఊదే గొట్టం చేతి మీద ఊది చూపించి, పళ్లు లెక్కపెట్టి పంపించాం. తర్వాతే మత్తు ఇచ్చాం. మిగతా పుచ్చులకు, పుచ్చు ముదరకుండా ఆపే 38 శాతం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ మందు పూశాం. డ్రిల్లింగ్ లేదు, నొప్పి లేదు, ఒక్క చుక్కతో కొన్ని పళ్లకు సరిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని, ఫ్లోరైడ్ పేస్టుతో పాటు, అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఇందులోనూ ఫ్లోరైడ్ ఉందని నానమ్మకు ముందే చెప్పాను. చుక్కను చూపించాక ఒప్పుకుంది.

దీంతో ఒక చిక్కుంది. పూసిన చోట పుచ్చు నల్లబడుతుంది. యాదగిరిగుట్టలో పాప పుట్టువెంట్రుకలు తీయించాలని అనుకుంటున్నారు, ఫొటోల్లో పళ్లు నల్లగా పడతాయని తల్లి బాధపడింది. ఆ మందు పూసిన వేరే పిల్లల పళ్ల ఫొటోలు చూపించి, ఇంటికెళ్లి ఆలోచించుకోమన్నాను. నలుపు అంటే పుచ్చు ఆగినట్టు గుర్తు. వాళ్లు ఒప్పుకున్నాకే పూశాను. పాప కుదురుగా కూర్చోవడం నేర్చుకున్నాక ముందు పళ్లకు పంటి రంగులో ఉండే తెల్లటి కాంపోజిట్ తొడుగులు వేశాం. వెనక వాటికి గ్లాస్ అయోనోమర్ అనే పళ్ల సిమెంటు నింపాం.

తల్లి నోట్లో కూడా రెండు పుచ్చు దంతాలున్నాయి. వాటికి వైద్యం చేయించుకోమన్నాను. పుచ్చు తెచ్చే సూక్ష్మజీవులు ఒకే చెంచాతో తినడం వల్ల, ఎంగిలి వల్ల పెద్దవాళ్ల నోటి నుంచి పిల్లలకు చేరతాయి. ఇది వినగానే ఆమె ఏడ్చేసింది, అంతా తన ఉద్యోగం వల్లే అంటూ. ఉద్యోగానికీ దీనికీ సంబంధం లేదమ్మా అని చెప్పాను. ఇంట్లోనే ఉండే తల్లుల పిల్లలు ఇవే పళ్లతో నా దగ్గరికి రోజూ వస్తారు. ఎవరూ వాళ్లకు ముందుగా చెప్పలేదు, అంతే. మొదటి పన్ను వచ్చాక, మొదటి పుట్టినరోజు లోపే ఒకసారి చూపించాలన్న సంగతే చాలామందికి తెలియదు.

తర్వాత

మూడు నెలలకు చూస్తే కోరపళ్ల మీది సుద్ద గీతలు గాలితో ఆరబెట్టినా నిగనిగలాడాయి. గరుకుదనం పోయింది. నల్లబడ్డ పుచ్చులు గట్టిపడ్డాయి. చింతగింజలు రోజుకు నాలుగైదుకు దిగాయి. పాప మళ్లీ జామకాయ కొరుకుతోంది, నేను చూస్తుండగానే కొరికింది.

చలికాలంలో జ్వరం, దగ్గు వచ్చాయి. తీపి సిరప్ బ్రష్ అయ్యాక ఇచ్చారు, నీరసంగా ఉందని గ్లూకోజ్ నీళ్లు రోజంతా తాగించారు. ఆర్నెల్లకు కింది కుడి మొదటి దంతంలో పుచ్చు లోతుకు పోయింది. దానికి స్టీలు తొడుగు వేయాల్సి వచ్చింది. ఇప్పుడు మందు బ్రష్‌కు ముందే ఇస్తారు. చక్కెర లేని సిరప్ దొరుకుతుందేమో పిల్లల డాక్టర్‌ను అడగమని కూడా చెప్పాను. అంత జ్వరంలోనూ సీసా మాత్రం మళ్లీ రాలేదు.

పాపకు ఇప్పుడు 4 ఏళ్ల 8 నెలలు. ఇంట్లో ఇంకో పసివాడు పుట్టాడు. వాడికి పళ్లు రాకముందే నానమ్మ తడిగుడ్డతో చిగుళ్లు తుడుస్తోంది. పాలలో చక్కెర వేయడం లేదు, సీసా కొననే లేదు.

ఇక నేను చూసుకోవాల్సింది ఆరో ఏడు. అప్పుడు పాలదంతాలన్నిటికీ వెనక మొదటి శాశ్వత దంతం వస్తుంది. దానికోసం ఏ పన్నూ ఊడదు కాబట్టి అది కూడా పాలపన్నే అనుకుని వదిలేస్తారు, అదే ముందుగా పుచ్చుతుంది. అయిదున్నర ఏళ్లు దాటాక ఆఖరి పంటి వెనక చిగురును అప్పుడప్పుడూ వేలితో తడిమి చూడమని నానమ్మకు చెప్పాను. గట్టిగా ఏదైనా తగిలితే నాకు ఫోన్ చేస్తారు. పన్ను పూర్తిగా పైకి వచ్చాక దాని గీతల్లో, పుచ్చు పట్టకుండా మూసేసే సీలెంట్ నింపుతాను. అది వచ్చే లోపు సగం మొలిచిన పంటి మీద బ్రష్‌ను అడ్డంగా, బుగ్గ వైపు నుంచి పెట్టి తోమాలని పోయిన నెల వచ్చినప్పుడే ఆమె చేత చేయించి చూశాను.